చెవి కోసిన పొట్టేలు

కొమ్రి ఒళ్లు పొద్దున్నుంచీ కాలిపోతోంది. పదేళ్ల పిల్ల. మెడ నిలవదు, కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు, మాట రాదు. గొర్రెపాలు చుక్కచుక్కగా నోట్లో పోస్తే తప్ప ఏదీ మింగలేదు. ఇప్పుడు ఆ పాలు కూడా పెదాల పక్కనుంచి కారిపోతున్నాయి. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోవాలంటే బండి కిరాయి కావాలి, మందులకు కావాలి. ఇంట్లో చిల్లిగవ్వ లేదు. తల్లి బక్కమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఒకప్పుడు మోతె ఊళ్లో ఆమె మొగుడు బీరయ్య మంద అంటే మందే. కొన్ని గొర్రెలు దొర గడిలో విందులకని ఊరికే పోయాయి. ఆ దొర కమ్యూనిస్టుల సంఘానికి భయపడి పట్నం పారిపోయాడు, పోలీసు చర్య అయ్యాక మిలిటరీ వెంట తిరిగొచ్చాడు. తిన్న గొర్రెలు మాత్రం తిరిగి రాలేదు. మరికొన్నిటిని పిల్ల పేరు చెప్పి వైద్యులు మింగారు. వీటికి తోడు బీరయ్య మొక్కులు! కొమ్రికి జబ్బు చేసినప్పుడల్లా ఒక పొట్టేలు చెవి కోసి బీరప్ప పేర విడిచేవాడు. చెవి కోసినదాన్ని అమ్మకూడదు, దేవుడికే ఇవ్వాలి; అమ్మితే ఆ మొక్కు చెడుతుంది. జాతర చేసే స్తోమత లేక అవన్నీ అలాగే మేస్తున్నాయి.

గొర్రెల బేరగాడు యాదయ్య దొడ్లోకి వచ్చి ఒక్కొక్కదాని చెవీ పట్టి చూశాడు.

"ఏందక్కా, మందంత దేవునిదే! గీ పాలగొర్రె ఒక్కటే అమ్మేటట్టున్నది. ఇస్తవా?"

"అది పోతె నా బిడ్డ ఏం తాగి బతుకుతది?"

"అయితె సెవి కోసినయే ఇయ్యి. సగం ధర. పాపం మాత్రం మీదే."

పాపాన్ని కూడా బేరంలోనే తేల్చేశాడు మహానుభావుడు!

బక్కమ్మ ఇక ఆలోచించలేదు. అన్నిటిలోకీ పెద్ద పొట్టేలు మెడకు తాడు వేసింది. బీరయ్య పరుగున వచ్చి ఆ తాడు పట్టుకున్నాడు.

"అది వద్దే. తక్కినయి ఏదన్న ఇయ్యి."

"ఎందుకు? దీనికేం మొక్కినవ్? బిడ్డ నడవాలెననా? మాట రావాలెననా?"

బీరయ్య తాడును చేతికి చుట్టుకున్నాడు.

"సెప్పయ్యా!"

"మనం పోయినంక దాన్నెవరు సూస్తరే? నోట్ల పాలు పోసేటోళ్లెవరు? అందుకే... మనకన్న ముందుగాల దాన్ని తీస్కపొమ్మని మొక్కిన."

బక్కమ్మ తిట్టాలని నోరు తెరిచింది, తిట్టు రాలేదు. ఆ భయం తనకూ ఉంది. పిల్లను పక్కన వేసుకుని పడుకున్నప్పుడు తానూ అదే కోరబోయి నాలుక కరుచుకున్న రోజులున్నాయి. లోపలి నుంచి కొమ్రి ఎగశ్వాస వినిపిస్తోంది. దేవుడు ఈ మొక్కు ఒక్కటే విన్నాడా ఏమిటి అని వణికిపోయింది.

"ఇడువు," అంది. బీరయ్య తాడు వదిలేశాడు.

పొట్టేలును ఈడ్చుకుపోయి యాదయ్య చేతికి అప్పగించింది.

"దీన్నే తోల్కపో తమ్మీ. ఎంతిస్తె అంత ఇయ్యి. జల్ది ఊరు దాటియ్యి."

పిల్లను ఎత్తుకోవడానికి లోపలికి పరుగెత్తింది. బీరయ్య అప్పటికే బండి కోసం ఉరుకుతున్నాడు.