మా ఆయన బటర్‌ఫ్లై

మా ఆయన తలకు నూనె మానేశాడు. ఇన్నేళ్ల కాపురంలో కొబ్బరినూనె లేకుండా గడప దాటని మనిషి, ఉన్నట్టుండి వద్దన్నాడు. తెల్లారకముందే ఫజర్ నమాజుకని పోయి, ఎండెక్కాక తడి జుట్టుతో ఇంటికొస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. అడిగితే నమాజుకు ముందు వజూ చేశానంటాడు. వజూలో తలకు తడిచెయ్యి తుడుస్తారు గానీ, జుట్టంతా నీళ్లు కారుతాయా? నన్నేమైనా పిచ్చిదాన్ననుకున్నాడా?

గౌస్ పాషా అంటే గద్వాలలో మోటార్లు, కూలర్లు బాగుచేసే షాపాయన. ఒంటి నుంచి ఎప్పుడూ గ్రీసు వాసనే వచ్చేది. ఇప్పుడేమో బ్లీచింగ్ పౌడర్ లాంటి వాసనేదో వస్తోంది. రోజూ భుజాలకు బామ్ రాసుకుంటాడు. నేను రాస్తానంటే వద్దంటాడు. నా చేతులు పనికిరాకుండా పోయాయన్నమాట!

పక్కింటి విజయమ్మ ఇంకాస్త ఆజ్యం పోసింది.

"నిప్పు లేనిదే పొగ రాదు షాహెదక్కా. జర కన్నేసి ఉండు."

ఆ మాట విన్నాక నా కన్ను ఆయన ఫోన్ మీదే. అదే రోజు ఆయన బయట చెయ్యి కడుక్కుంటుంటే ఫోన్‌కు వాయిస్ మెసేజ్ వచ్చింది. పైన 'పావని' అని పేరు. నొక్కాను.

"సార్, రేపు జల్దీ రాండ్రి. అందరొచ్చినంక మీకు సిగ్గయితది గద." పడుచు గొంతు. చివర్న ఒక నవ్వు కూడా.

ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కొడుకు జుబేర్ ఉన్నాడు! ఈ వయసులో ఈయన ఇంకొకతె వెంట పోతే నేను ఏ ముఖం పెట్టుకొని బతకాలి? ఏడ్చాను. ఏడ్చినకొద్దీ కోపం పెరిగింది.

మర్నాడు బుర్ఖా వేసుకొని ఆటోలో ఆయన వెనకే పోయాను. ఆయన బండి అయిజ రోడ్డు పట్టి, కొత్తగా పెట్టిన స్విమ్మింగ్ పూల్ ముందు ఆగింది. తిట్లన్నీ నాలుక మీద సిద్ధం చేసుకొని లోపలికి నడిచాను.

మా ఆయన నీళ్లలో ఉన్నాడు. నెత్తిన రబ్బరు టోపీ. గట్టు మీద విజిల్ పట్టుకొని ఒక పిల్ల నిలబడింది, మా జుబేర్ ఈడు ఉంటుందేమో. ఈయన రెండు చేతులూ ఒక్కసారే పైకి విసిరి, దబ్బున పడి, మునిగి, దగ్గుకుంటూ లేస్తున్నాడు. మడుగులో దున్నపోతు దొర్లినట్టుంది.

"సార్, ఛాతీ దించుండ్రి! చేతులు ముంగట పడంగనే ఛాతీని నీళ్లల్లకు తొయ్యాలె, అప్పుడు నడుము దానంతట అదే లేస్తది. కాళ్లు రెండు జోడించి తన్నుండ్రి. గాలికి తల మొత్తం ఎత్తొద్దు, గడ్డం నీళ్లకు ఆనాలె."

"దించుతున్న బిడ్డా, అది దిగుతలేదు!"

ఎందుకు దిగడం లేదో నాకు చూడగానే తెలిసింది. మా దిక్కు పిల్లలకు బాయిలో ఈత నేర్పేటప్పుడు మునగకుండా నడుముకు బెండు కడతారు. దాంతో మెడ నిక్కించి, ఛాతీ పైకెత్తి ఈదడం అలవాటవుతుంది. బెండు విప్పినా కొందరికి ఆ నిక్కు పోదు.

నవ్వు ఆగలేదు.

"జుబేర్ అబ్బా! ఇంకా బెండు కట్టుకునే ఉన్నవా ఏంది?"

ఆయన నన్ను చూసి గుటుక్కున నీళ్లు మింగాడు. పిల్ల పరుగున వచ్చింది.

"నేను పావనిని ఆంటీ, కోచ్‌ను. సార్‌ను ఏమనకుండ్రి. పాలమూరుల పెద్దవయసోళ్లకు పోటీలున్నయి. అందుకే బటర్‌ఫ్లై అనే ఈత నేర్వాలని పట్టు వట్టిండు. పిల్లలు నవ్వుతరని పొద్దుగాల్నే వస్తుండు."

అమ్మయ్య! గుండె మీది బండ దిగింది. అప్పుడు గానీ నేను నీళ్లను సరిగా చూడలేదు. మా పుట్టింటి ఊరు వడ్డేపల్లిలో మా అబ్బా బాయిలో అన్నలతో పందెం కట్టి దూకినదాన్ని నేను. పెళ్లైన కొత్తలో ఒక్కసారి తప్ప మళ్లీ నీళ్లలో దిగింది లేదు. చూస్తుంటే ప్రాణం లాగింది.

"మీరు గూడ రాండ్రి ఆంటీ" అంది పావని. "మాపటికి ఆడోళ్లదే బ్యాచ్. ఒళ్లు నిండ కప్పే డ్రెస్ ఉంటది. ఇంట్ల చెప్పుమని సార్‌కు మొదట్లనే చెప్పిన గద?"

నేను ఆయన వైపు తిరిగాను. "నాకెందుకు చెప్పలే?"

"జర నేర్చుకున్నంక చెప్తమనుకున్న" అని నసిగాడు. "పెండ్లైన కొత్తల మీ బాయిల నన్ను దాటి పోయినవు. మీ అన్నలందరు నవ్విండ్రు. మల్ల గట్లనే అయితదని..."

ఆ బాయి నుంచి తిరిగొచ్చిన రోజే, పెళ్లైన ఆడదానికి ఈతేందని నన్ను నీళ్లలో దిగొద్దన్నాడు. నేనది ఇంటి మర్యాద అనుకున్నాను, ఓడిన ఉక్రోషం అనుకోలేదు. ఇన్నేళ్లూ మనసు చంపుకొని నోరు మూసుకున్నాను. ఇంకొక ఆడది ఉన్నా నాకింత మండేది కాదు.

"షాహెదా, ఇంటికి పోయి మాట్లాడుకుందం" అన్నాడు, నీళ్లలోంచి బతిమాలుతూ.

"మాట్లాడేదేం లేదు" అన్నాను. "పావనీ, మాపటికి వస్త. ఆ పోటీలకు ఆడోళ్లను గూడ తీస్కుంటరా?"