లెతెకిదాన్ అవ్వ గొంతు

లెతెకిదాన్ అవ్వకి చెవుడు వచ్చింది. వస్తే వచ్చింది, ఆ వయసులో ఎవరికి రాదు గనక? కానీ చెవుడుతోపాటు మహాతల్లి గుసగుసలాడడం కూడా మర్చిపోయింది. అక్కడొచ్చింది చిక్కు.

అస్మారాలో సర్కారు వాళ్ల క్రైస్తవ సంఘాన్ని నిషేధించి తాళం వేశాక ప్రార్థన సెనాయిత్ ఇంట్లోకి చేరింది. పైకి చూస్తే నలుగురు ఆడవాళ్లు కాఫీకి కూడారంతే. గింజలు వేయించి, దంచి, మట్టి కూజాలో మూడు విడతలు కాచేసరికి పొద్దు వాలుతుంది. ఆలోపే పెదవులు కదిపీ కదపకుండా పాటలు, ప్రార్థనలు, ఏడుపులు అన్నీ కానిచ్చుకునేవాళ్లు. అవ్వ మాత్రం "ప్రభువా! నా బిడ్డ మెహ్రెత్‌ని ఆ జైల్లో చలికి వదిలెయ్యకయ్యా!" అని ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచేది. మెహ్రెత్‌ని పోలీసులు పట్టుకుపోయింది కూడా ప్రార్థన చేస్తుండగానే.

గోడకి అవతల తిర్హాస్ ఉంటుంది. ఆవిడ తాతల కాలంనాటి పాత చర్చికి వెళ్లే మనిషి, ఆ చర్చికి సర్కారు అడ్డేమీ లేదు. పైగా ఆవిడ అన్న పోలీసు. అవ్వ ప్రార్థన మొదలెట్టగానే అటువైపు రోకలి చప్పుడు వినిపించేది. కాఫీ దంచే వంకతో గోడకి చెవి ఆనించి కూర్చుంటోందని సెనాయిత్ భయం. అందరూ కలిసి తీర్మానించారు, అవ్వని ఇక రావద్దనాలని. చెప్పే పాపం సెనాయిత్ నెత్తిన పడింది.

రెండో విడత కాఫీ అయ్యాక అవ్వ చెవిలో నోరు పెట్టి చెప్పింది. అవ్వ ఆమె మొహంలోకి చూసింది.

"ఇంట్లో ఒక్కదాన్నే చేసుకోమంటావా? మరి ఆమెన్ అనేవాళ్లెవరే నాకు?"

సెనాయిత్ తల దించుకుని ఖాళీ కప్పులు సర్దసాగింది. 

"పోనీలే తల్లీ. నావల్ల ఇంకో తల్లి కడుపు మండకూడదు. ఈ ఒక్కసారీ చేసుకుని పోతాను." అవ్వ తెల్ల శాలువా తలమీద కప్పుకుని కళ్లు మూసుకుంది. గొంతు లేచింది. గోడ అవతల రోకలీ లేచింది.

సెనాయిత్‌కి ఒళ్లు మండిపోయింది. ఇవాళ అటో ఇటో తేల్చుకుంటానని పెరట్లోకి ఉరికింది. ఉరికి, ఠక్కున ఆగింది. వాసనేదీ? అప్పటికప్పుడు గింజలు వేయించకుండా కాఫీ దంచే మనిషి ఈ ఊళ్లో ఉందా? ఇన్ని వారాల్లో అటునుంచి ఒక్కనాడైనా వేపుడు వాసన వచ్చిందా? లేదు. ఎంతసేపూ ఒట్టి రోలు మోతే.

పక్కింటి తలుపు తోసింది. తిర్హాస్ చెమటలు కక్కుతూ దంచుతోంది. రోట్లో ఒక్క గింజ లేదు.

"తిర్హాస్... ఎప్పట్నించి ఇది?"

"మీ ముసలావిడ అరుపులు మొదలెట్టినప్పట్నించీ! నా రెక్కలు పడిపోతున్నాయి. ఈ మోత లేకపోతే వీధిలో పోయేవాళ్లకి వినపడదూ?"

"నేనింకా... మీ అన్న పోలీసు కదాని..."

"మా అన్న పోలీసైతే నేనూ పోలీసునేనా? పలకరిద్దామంటే మొహం తిప్పుకుపోతావు." దంచుతూనే ఉంది. "మీ ప్రార్థనల పద్ధతి నాకేం నచ్చదు, ముందే చెప్తున్నా. అయినా కన్నతల్లి బిడ్డ కోసం ఏడుస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోనా? జరుగు, ఆవిడ మళ్లీ గొంతెత్తింది!"

సెనాయిత్‌కి సిగ్గు, ఏడుపు ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆవిడ భుజం గట్టిగా పట్టుకుని వదిలి, ఇంట్లోకి పరిగెత్తింది.

అవ్వ ప్రార్థన ముగించి గడప దాటబోతోంది. మూడో విడత దీవెన కాఫీ, అది తాగకుండా ఎవరూ లేవరు. అవ్వ లేచిపోతోంది.

సెనాయిత్ ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాక్కొచ్చింది. ఆ ముడతల అరచేతిని గోడకి ఆనించింది. ధన్. ధన్. గోడ అదురుతోంది. అవ్వ కళ్లు పెద్దవయ్యాయి.

"ఎవరే ఇది?"

సెనాయిత్ ఏడుస్తూ నవ్వుతూ, అవ్వ చెవిలో, ఇన్నాళ్లలో మొదటిసారి గొంతు విప్పి చెప్పింది.

"నీకు ఆమెన్ చెప్తోందవ్వా! కూర్చో, కాఫీ పోస్తాను."