నీళ్ళలో కోట

మా మామగారు షాపులకు బోర్డులు రాసే పెయింటరు. పోతూ పోతూ అద్దింటి గోడకి ఒక్క పటం వదిలి వెళ్ళారు. మంచుకొండలు, కింద సరస్సు, ఒడ్డున కోట, అన్నీ ఆయన సొంతంగా వేసినవే. కొండని గానీ కోటని గానీ ఆయన కళ్ళారా చూసిన పాపాన పోలేదు. అయినా ఆస్తి అన్నాక పంచుకోవాలట! పెళ్ళయిన దగ్గర్నుంచి చూస్తున్నాను, ఈ అన్నదమ్ములకి లేని పని కల్పించుకోవడమంటే మహా సరదా.

సర్వేయరుగా చేసి రిటైరైన చిన్నమామగారు టేపు పట్టుకొచ్చి పటాన్ని కొలిచారు. కోట బావగారికి, సరస్సు మా ఆయనకి. కొండలు ప్రభుత్వానివని తేల్చారు.

వారం కూడా సవ్యంగా గడవలేదు. సరస్సులో కోట తలకిందులుగా కనిపిస్తుంది కదా, ఓ ఉదయం మా ఆయన కన్ను దాని మీద పడింది.

"అన్నయ్యా, నీ కోట నా నీళ్ళలో ఉంది. ఖాళీ చెయ్యి."

"అది నా కోట నీడరా. ఎక్కడ పడినా నాదే."

"అయితే తీసుకెళ్ళి నీ ఒడ్డు మీద పరుచుకో."

దాంతో ఇద్దరికీ మాటలు బంద్. అక్కడితో ఆగితే నాకేం? నన్నూ మా తోడికోడలినీ కూడా మాట్లాడుకోవద్దన్నారు. ఉన్నది ఒక్కటే వంటగది. అక్కతో కబుర్లు లేకపోతే నాకు ముద్ద దిగదు. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతుంటే నేను గోడకేసి తిరిగి గిన్నెలు తోముకోవాలి. ఒళ్ళు మండిపోయేది. ఆ కోటలో ఎవడూ కాపురం ఉండడు, ఆ సరస్సులో ఎవడూ ఈదడు, మధ్యలో మా నోళ్ళు కుట్టడం దేనికి?

చివరికి ఆక్రమణ తొలగించాల్సిందేనని చిన్నమామగారు తీర్పిచ్చారు. ఇంకో పెయింటర్ని పిలిపించి, నీళ్ళలో ఉన్న కోటని నీలం రంగుతో కప్పేయించారు. రంగు ఆరేదాకా అన్నదమ్ములిద్దరూ చెరో కుర్చీలో కాపలా కూర్చున్నారు.

ఆరాక చూస్తే సరస్సు కొత్తగా గచ్చు చేసిన నేలలా ఉంది. కోట ఎక్కడా ఆనకుండా గాల్లో వేలాడుతోంది. బావగారి మొహం పాలిపోయింది.

"ఒరేయ్, నాన్న కోట మునిగిపోయిందిరా!"

"ఇక్కడే ఎక్కడో ఉంటుందిలే అన్నయ్యా" అంటూ మా ఆయన ఆ నీలం రంగుని గోటితో మెల్లగా గీకారు. ఏమీ తేలలేదు. ఇద్దరూ నేల మీద చతికిలపడి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, చిన్నపిల్లల్లా ఏడ్చారు. ఆ తర్వాత బావగారు ముక్కు తుడుచుకుని వంటగదిలోకి కేకేశారు.

"మీరిద్దరూ కూడా ఇక మాట్లాడుకోవచ్చు!"

మాట్లాడుకోవచ్చట! అక్క నా వైపు చూసింది, నేను అక్క వైపు చూశాను. ఆవిడ పొయ్యి ఆపేసింది. నేను తలుపు గడియ పెట్టాను. అప్పుడు నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఎంత చిక్కిపోయావే" అని ఒకటే ఏడుపు. నాకూ ఆగలేదు.

కాసేపటికి బయట అన్నదమ్ములు అన్నం పెట్టమని తలుపు కొట్టడం మొదలుపెట్టారు. మేము కబుర్లలో ఉన్నాం.