గడప రంగు పిల్లి

మా ఊళ్లో ముగ్గుల పోటీ పెడితే రెండో బహుమతి ఎవరికొస్తుందా అనే చర్చ జరుగుతుంది. మొదటిది నాదే. గొప్పకి చెప్పడం లేదు, ఆ తర్వాత నాకు జరిగిన అవమానం ఎంతటిదో మీకు తెలియాలని చెబుతున్నాను. అంతటి దుర్గాభవానిని, పాతపట్నం పక్కన మా ఊరి అంగన్‌వాడీ టీచరుని, ఒక పిల్లి ముప్పుతిప్పలు పెట్టింది.

ఈ తంటా అంతా సస్మిత అనే నాలుగేళ్ల పిల్ల కోసం. తండ్రిది మా ఊరే, తల్లిది ఒడిశా వైపు. మొన్నటిదాకా పర్లాకిమిడి అవతల అమ్మమ్మ దగ్గర పెరిగింది. మా కేంద్రంలో చేరాక అది నోరు తెరిచేది గుడ్డు తినడానికే. తెలుగులో పలకరించాను. నాకొచ్చిన అరకొర ఒరియాలోనూ పలకరించాను. గోడతో మాట్లాడినట్టే ఉండేది. సూపర్‌వైజర్ ఉష మేడమ్ వచ్చి, పిల్ల మొహం ముందు చిటికెలు వేసి, "మళ్లీ నేను వచ్చేసరికి మాట్లాడకపోతే మూగపిల్లల బడికి రాసేద్దాం" అనేసి వెళ్లిపోయింది. గుమ్మంలో నిలబడ్డ తల్లి ఆ మాట వింది.

"ఇంటికాడ నోరు మూయదు టీచరమ్మా. ఇక్కడికొస్తేనే ఇలాగైపోతాది" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆలమ్మమ్మింటికాడ ఓ పిల్లుండీది. దాన్నొగ్గీసి వచ్చిన కాణ్ణుంచీ దీనికి దిగులు."

నిక్షేపంలాంటి పిల్లకి మూగదని పేరు పెడతారా? అదీ నా కేంద్రంలోనా? పిల్లిని చూపిస్తే పలుకుతుందేమో అనుకున్నాను. బొమ్మల చార్టు ఒకటి ఉండేది కానీ, చెదలు పిల్లి దగ్గర మొదలుపెట్టి ఏనుగు దాకా తినేశాయి. ఫోన్లో పిల్లి ఫొటో పెడితే సస్మిత దాన్ని వేలితో పక్కకి తోసేసి, ఎవరి పెళ్లిలోదో డ్యాన్సు చూస్తూ కూర్చుంది. ఇక లాభం లేదని, కేంద్రం గోడ మీద నేనే పిల్లిని గీద్దామని నిశ్చయించుకున్నాను.

ముగ్గు వేసే చేతికి పిల్లి ఒక లెక్కా? ఆ సాయంత్రమే మా ముంగిట్లో చుక్కలు పెట్టాను. చుక్కలు లేకపోతే నా చెయ్యి కదలదు. చుక్కల ముగ్గుకి ఒక వైపు ఏది వస్తే రెండో వైపూ అదే రావాలి కదా, అలవాటుకొద్దీ పైన రెండు చెవులూ, కింద రెండు చెవులూ వేసేశాను. గీత ఎక్కడా తెరిచి వదలకూడదని మా అమ్మ నెత్తి మీద మొట్టి మరీ నేర్పింది. అందుకని తోకని వెనక్కి తిప్పి మెడకి కలిపేశాను. మీసాలు కూడా మూసేస్తే తమలపాకుల్లా తయారయ్యాయి.

మా ఆయన ధర్మేంద్ర, నాకు వరసకి బావే, ట్రాక్టరు దిగి వచ్చి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఏటే ఇది, మరసెంబా? మరసెంబుకి సెవులెందుకెట్టినావు?"

"పిల్లి బావా."

"ఏదీ?" అని అరుగు కింద వెతికాడు.

ఆ రాత్రి ఆయనకి చారు మాత్రమే వడ్డించాను.

తర్వాత యూట్యూబులో ఒకాయన దగ్గర చేరాను. "పిల్లిని గీయడం చాలా సులువు" అంటూ మొదలుపెడతాడు. ఒక గుండ్రం గీసి, రెండు చెవులు పెట్టి, "అంతే" అంటాడు. ఆయన అంతే అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. నా గుండ్రానికి చెవులు పెడితే గుడ్లగూబ వచ్చేది. ముక్కు దిద్దితే మా పెద్దాడపడుచు వచ్చేది.

చివరికి అసలు పిల్లినే చూసి గీయాలనుకున్నాను. కేంద్రం పక్కింటి అసిరమ్మ ముసలిదానికి ఒక పిల్లి ఉంది. పిల్లల అలికిడి వింటే చాలు అటకెక్కేస్తుంది, లేకపోతే దాన్నే సస్మితకి చూపించేదాన్ని. అది మెలకువగా ఉంటే ఒక్కచోట ఉండదు. పడుకున్నప్పుడు గీస్తే అచ్చం కుండ కింద పెట్టుకునే చుట్టకుదురు. అయినా పలక పట్టుకుని దాని వెనకాలే తిరిగాను. ఎండుచేప తల ఒకటి లంచం పెడితే కాసేపు కూర్చుంది. అప్పుడు చూశాను. దాని ఒక పక్క రెండో పక్కలా లేనే లేదు. తోక ఎక్కడికీ వచ్చి కలవలేదు, గాలిలో అలా ఆగిపోయింది, అంతే. ఈసారి అంతే అన్నది నేనే.

ఆదివారం మధ్యాహ్నం కేంద్రం బయటి గోడ ముందు చేరాను. ఇంట్లో మిగిలిన రంగు ఒక్కటే, గడపలకి వేసే పసుపు. పిల్లి ఏ రంగులో ఉంటే ఏం, పిల్లయితే చాలు. చుక్కలు పెట్టకుండా గీశాను. తోక చివర గీతని తెరిచి వదిలేసేటప్పుడు నెత్తి మీద మొట్టికాయ పడుతుందేమోనని తల వంచాను. దూరంగా వెళ్లి చూసుకున్నాను. పిల్లే! ఆనందంతో నాకు ఏడుపొచ్చింది. కుంచె కడగడానికి బోరింగు దగ్గరికి వెళ్లి వచ్చేలోపు, ధర్మేంద్ర బావ సాయం చేశాడు. ట్రాక్టరు నంబరు రాయగా మిగిలిన నల్లరంగుతో ఒళ్లంతా చారలు వేసేశాడు.

"ఉత్త పసుపు బాగోలేదే. ఇప్పుడు సూడు, ఎంత నిండుగా ఉన్నాదో!"

నేను ఏమన్నానో ఇక్కడ రాయను.

సోమవారం పొద్దున్న కేంద్రానికి వెళ్లేసరికి గోడ దగ్గర అగరొత్తుల పొగ. నా పిల్లి మెడలో బంతిపూల దండ, నుదుట ఇంత కుంకుమ, కింద కొబ్బరి చిప్పలు. అసిరమ్మ చెంపలు వేసుకుంటోంది.

"అమ్మోరి పులి ఎలిసినాది టీచరమ్మా! మొన్న లేదు, ఈయేల ఉన్నాది!"

"నేనే గీసినానమ్మా. అది పిల్లి."

"సాల్లే, ఊరుకో. గడప రంగు పిల్లికేత్తారేటి ఎవులైనా?"

అదే సమయానికి ఉష మేడమ్ స్కూటీ వచ్చి ఆగింది. ఆవిడ దూరం నుంచే చెప్పులు విడిచి, నమస్కారం పెట్టి, దగ్గరికొచ్చాక నా వైపు చూసింది.

"ఇక్కడ గుడి ఎప్పుడు కట్టారు?"

"అది పిల్లి మేడమ్."

మేడమ్ బొమ్మని చూసింది, నన్ను చూసింది. మళ్లీ బొమ్మని చూసి, వాకిట్లో వరసలుగా కూర్చున్న పిల్లల వైపు తిరిగింది. "పిల్లలూ, ఇదేమిటి?"

"పులీ!" పైకప్పు లేచిపోయేలా అరిచారు. అసిరమ్మ అందరికంటే గట్టిగా అరిచింది.

ఇక పిల్లని పంపించేస్తారు. అప్పుడు వెనక వరసలోంచి సస్మిత లేచింది. మొహం ఎర్రగా కందిపోయింది. వరసలు తోసుకుంటూ గోడ దగ్గరికొచ్చి కాలు నేలకేసి కొట్టింది.

"బాఘొ నుహె! బిలెయి! బిలెయి!"

పులి కాదట, పిల్లి అట. సస్మిత అరచెయ్యి ఎంగిలితో తడుపుకుని నల్లచారల్ని రుద్దింది. అవి పోలేదు. అప్పుడు నడుం మీద చేతులు వేసుకుని మా వైపు తిరిగి, ఇన్నాళ్లూ మా మధ్య కూర్చుని ఈ తెలుగంతా ఎక్కడ దాచుకుందో గాని, అచ్చం అసిరమ్మ గొంతుతో అడిగింది.

"ఎవుడ్రా ఈ సారలెట్టినోడు? బుర్రుండక్కర్లేదేటి?"

గేటు దగ్గర మెచ్చుకోలు కోసం నిలబడ్డ మా ఆయన చప్పుడు చెయ్యకుండా ట్రాక్టరెక్కాడు. మేడమ్ నవ్వు ఆపుకోలేక కొబ్బరి చిప్పల పక్కనే కూలబడింది. "దీన్నా నేను మూగపిల్లల బడికి పంపిస్తానన్నది?"

"అమ్మోరు మాటాడించినాది!" అని అసిరమ్మ ఇంకో కొబ్బరికాయకి పరిగెత్తింది. ఇన్ని రోజులు పలక పట్టుకుని పిల్లి వెనక తిరిగింది నేనైతే పేరు అమ్మోరికా అని ఒక్క క్షణం ఒళ్లు మండిన మాట నిజం. కానీ అప్పటికి నేను కళ్లు తుడుచుకునే పనిలో ఉన్నాను.

మధ్యాహ్నం దాకా ఆ పిల్ల నోరు ఆగలేదు. వాళ్ల పిల్లి పొట్ట తెల్లగా ఉంటుందట. అప్పడం దొంగిలిస్తుందట. మా ఆయన వచ్చి చారలు తుడవాలట, తోక మాత్రం ముట్టుకోకూడదట. తల్లి తీసుకెళ్లడానికి వచ్చి, అప్పటిలాగే గుమ్మంలో నిలబడిపోయింది. ఇంట్లో రోజూ వినే గొంతు ఇక్కడ వినిపిస్తోందంటే నమ్మడానికి కాసేపు పట్టింది. తర్వాత గబగబా లోపలికొచ్చి, మేడమ్ ఉండటం చూసి కంగారుపడి పిల్లని పట్టుకుంది.

"ఒసే, సాల్లే! నోరు ముయ్యే!"

"ఇదిగో," అన్నాను గట్టిగా. "నా కేంద్రంలో ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఊరుకోను."