జంగప్ప వణుకు

ఆ పొద్దున ఆకాశం వాన దిగేటట్టే కిందికి వంగి, తాండూరు గనుల మీద నల్లగా వేలాడి, ఒక్క చుక్క రాల్చకుండా ఊరికే నిలబడింది. గాలి లేదు. పొయ్యి పొగ కూడా పైకి పోలేక చూరు కిందే మసలింది.

భాగమ్మ వాకిట్లోకి వచ్చి దౌల్తాబాద్ బాట చూసింది. బావ భీమప్ప కోడి కూయకముందే ఆ బాటన పోయాడు. వాతలు పెట్టే ముసలాయనను వెంట పెట్టుకొని మధ్యాహ్నానికి వస్తానన్నాడు. ఎర్రగా కాల్చిన కొడవలితో అరికాళ్ళకూ కణతలకూ వాతలు పెడితే, ఆమె మొగుడు జంగప్పను పట్టిన జడుపు దిగుతుందట.

ఎండాకాలంలో నాపరాళ్ళ గని గోడ కూలింది. జంగప్ప తమ్ముడు చంద్రప్ప బండల కింద పోయాడు. పక్కనే పని చేస్తున్న జంగప్ప బయటపడ్డాడు. ఎట్లా బయటపడ్డాడో చెప్పలేదు. “తమ్ముణ్ణి ఇడిసి ఎట్లొస్తివిరా?” అని తల్లి నాగవ్వ ఒకే ఒక్కసారి అడిగింది. జవాబు రాకపోయేసరికి గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఆ కొడుకు మొహం చూడలేదు.

మొదట్లో సమ్మెట చప్పుడు వినబడితే చాలు, జంగప్ప కంపలకు అడ్డంపడి పరుగెత్తేవాడు. పట్టుకోబోతే కొట్టేవాడు. ఆ తర్వాత ఒళ్ళంతా వణుకు వచ్చేది. నలుగురు మీదపడి అదిమిపట్టేవారు. జడుపు పట్టిన చోటే దాన్ని వదిలించాలని పెద్దలు ఆయనను ఆ గని అంచుకే తీసుకుపోయి నిలబెట్టి, వెనక నుంచి కేకలు వేసి, మొహాన నీళ్ళు కొట్టారు. ఆనాటి నుంచి పరుగు లేదు, వణుకు లేదు. నయమైందన్నారు.

భాగమ్మ నమ్మలేదు. మనిషి మనిషే బండయ్యాడు. చేతులు చల్లగా, చూపు ఎటో. ఊపిరి ఉందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. నోట్లో పెట్టిన ముద్ద నోట్లోనే ఉండేది. పరుగెత్తినప్పుడే నయం, లోపల మనిషి ఉండేవాడు.

ఆమెకు ఒక పూట గుర్తుంది. పట్టేవాళ్ళెవరూ ఇంట్లో లేరు. వణుకు వచ్చింది. ఒక్కతే అదిమిపట్టే బలం లేక పక్కన కూర్చుంది. వణుకు దానంతట అది ఎక్కి, దానంతట అది దిగింది. జంగప్ప పెద్ద ఊపిరి తీసి, “నీళ్ళియ్యి” అన్నాడు. గని అంచుకు తీసుకుపోకముందు ఆయన అన్న ఆఖరు మాట అదే. పరుగు ఎటూ పోలేదు, ఆ ఒంట్లోనే బిగుసుకుంది, వణుకై పోతేగాని మనిషి రాడు అని ఆమెకు అనిపించింది. చెబితే ఎవరు వింటారు?

పిండి నిండుకుంది. పంచలో విసుర్రాయికి ఇటు ఆమె, అటు అత్త కూర్చుని విసిరేవారు. అత్త పడక పట్టాక ఒక్కతే ఈడ్చేది. ఈ పొద్దున ఏం చేయాలో తోచక జంగప్పను రెక్క పట్టి లేపి రాయికి అటువైపు కూలేసింది. పిడి మీద ఆయన చెయ్యి పెట్టి, పైన తన చెయ్యి వేసింది.

“ఇగో, ఊకె పట్టు. నేను తిప్పుత.”

రాయి మీద రాయి గరగరలాడింది. జంగప్ప మెడ నరాలు తాళ్ళయ్యాయి. రాతి చప్పుడని తనకు తట్టనే లేదు! భాగమ్మ ఆపబోయింది. ఆపితే మిగిలేది వాత. జొన్నలు ఎక్కువ పోసింది. చప్పుడు మెత్తబడింది. మెల్లగా తిప్పుతూ, విసిరేటప్పుడు అత్త పాడే పాటను మాటలు లేకుండా గొంతులోనే తీసింది.

పక్కింటి పద్మమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. “ఏందే భాగీ, మొగోనితోని ఇసిరిపిస్తున్నవా? రేపు సీర గూడ కడ్తవా?”

“కడ్తనక్కా. నీదొకటియ్యి, నావి చినిగినయి.”

చాలాసేపటికి చేతి కింద చెయ్యి వెచ్చబడింది. పిడి అటు పోయినప్పుడు ఆయన ఊపిరి పోతోంది, ఇటు వచ్చినప్పుడు వస్తోంది. ఆ వేళ్ళు పిడిని పట్టుకున్నాయి. అంతలోనే మోచేతుల దగ్గర మొదలై వణుకు భుజాలకెక్కింది. పళ్ళు టకటకలాడాయి.

సరిగ్గా అప్పుడే భీమప్ప వాకిట్లోకి వచ్చాడు. వెనక ముసలాయన, చేతిలో కొడవలి.

“మూర్ఛొచ్చింది! పట్టుండ్రి!”

భాగమ్మ లేచి అడ్డం నిలబడింది. “బావా, నీ కాళ్ళు మొక్కుత, పట్టకు. వణకనియ్యి.”

“సస్తడే!”

“ఇన్నొద్దులు సచ్చే ఉన్నడు. ఇప్పుడే కదులుతుండు.”

“ఆడిదానితోని ముచ్చటేంది?” అని ముసలాయన పొయ్యి దగ్గర చతికిలబడి కొడవలి మంటలో పెట్టాడు. భీమప్ప ఆమెను పక్కకు తోశాడు. ఆమె రెండు చేతులతో బావ కాళ్ళు చుట్టేసింది.

జంగప్ప నోట్లోంచి ముందు మూలుగు వచ్చింది, తర్వాత మాట.

“చెయ్యి… వాని చెయ్యి నా చేతులనే ఉండె. గుంజిన. రాలే. సల్లవడ్డదాక పట్టుకున్న. నేను ఇడువలే అవ్వా.”

గోడ వైపు తిరిగి పడుకున్న నాగవ్వ లేచి కూర్చుంది. గోడ పట్టుకుంటూ పొయ్యి దాకా వచ్చింది. మండుతున్న కట్టెలు వెనక్కి లాగింది.

“కొడవలి తీయి. రొట్టెలు కాల్చే పొయ్యి ఇది.”

“దౌల్తాబాద్ నుంచి నడిచొచ్చిన,” అని గొణిగాడు ముసలాయన.

“కాళ్ళు కడుక్కో. తిని పో.”

వణుకు దిగేదాకా భీమప్ప దూరంగానే నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. జంగప్ప ఏడ్చాడు, ఆగాడు, మళ్ళీ ఏడ్చాడు. రేపు మళ్ళీ బండవుతాడేమో, ఎల్లుండి పరుగెత్తుతాడేమో, భాగమ్మకేం తెలుసు? విసిరినంత పిండి ఎత్తి రొట్టెలు చేసింది.

అందరూ కింద కూర్చున్నారు. నాగవ్వ రొట్టె తుంచి, ఎల్లిపాయ కారం అద్ది, కొడుకు చేతిలో పెట్టింది. జంగప్ప దాన్ని కాసేపు చూసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. నాగవ్వ తనకో ముక్క తుంచుకుంది. అందరూ తిన్నారు.