కుడికి, ఎడమకి

కుడికి అని తను అరవగానే అవతలి జట్టు పిల్ల కుడికెలా వచ్చేసింది, ఇందాక ఎడమకి అంటే ఎడమకి వచ్చింది, ఎవరో ముందే చెప్పినట్టు, అనుకుంటూ వర్షిత రగ్బీ మైదానం తడిగడ్డి మీంచి లేచింది, మోకాళ్ళ నిండా బురద, నెత్తి మీద దిగుతున్న విమానం, విమానాశ్రయం పక్కనున్న ఈ పాపటోయిటోయిలో ఎక్కడ నిలబడ్డా విమానమే, నాన్న పనిచేసిన గోడౌను అటువైపే, మార్చి దాకా పనిచేసిన గోడౌను, ఇప్పుడది వద్దు, స్కోరు చూడు, మూడు పాయింట్లు వెనక, ఐదు నిమిషాలే ఉంది, అంతలో ఆ పిల్ల పక్కనుంచి పోతూ, కుడికంటే నాకూ అర్థమవుద్దే, నేను ప్రణీత, టకానినిలో ఉంటాం, మాది గుంటూరు, అని నవ్వింది.

న్యూజిలాండ్‌లో తెలుగు ఎవడికొచ్చు బంగారం, అనేవాడు నాన్న, డైనింగ్ టేబుల్ మీద పదిహేను ఉల్లిపాయలు పేర్చి, ఇదిగో ఈ పదోది నువ్వు, రగ్బీలో బంతి ఎటు పోవాలో చెప్పేది పది నంబరే, తెలుగులో చెప్పు, అవతలివాళ్ళు చచ్చినా కనుక్కోలేరు, శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ళ దుకాణాల్లో శనివారం పూట తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది కదా, ఆయన ఎలా అన్నాడో, తను ఎలా నమ్మిందో, కాలేజీ జట్టంతా ఆ రెండు మాటలూ నేర్చుకుంది, సమోవా పిల్ల సీనా కూడా, నాన్న పోయాక ఇంట్లో తెలుగే తగ్గిపోయింది, అమ్మ మాట్లాడితే కదా, ఫోన్లో ఉషశ్రీ ఆంటీ మాత్రం అమ్మతో, ఏటి సూతకంలో ఆటలేంటి కుసుమా, నలుగురూ ఏమనుకుంటారు, అంది, అమ్మ పొద్దున జెర్సీ ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టింది, అంతే.

మైదానం గీత అవతలి నుంచి కోచ్ కేక, ఇంగ్లీషులో చెప్పు వర్షీ, ఆ పిల్లకు అంతా తెలిసిపోతోంది, మళ్ళీ ఆ మాట వినబడితే దించేస్తా, పది నంబరు వేరేవాళ్ళకిస్తా, కోచ్ అన్నదీ సబబే, కానీ ఈ మైదానంలో తప్ప ఇంకెక్కడ అరుస్తుంది ఆ మాట, ఇంట్లోనా, నాన్న ఖాళీ కుర్చీ ముందా, బంతి చేతుల్లో పడింది, చల్లగా, బరువుగా, సీనా కళ్ళు ఎటు అని అడుగుతున్నాయి, కుడికి, అని గొంతు చీలేలా అరిచింది వర్షిత, విను ప్రణీతా, వినండి ఆంటీ, కుడికే వస్తున్నా, ఆపుకో, ప్రణీత ఎదురొచ్చింది, భుజానికి భుజం, పక్కటెముకల్లో మంట, పడుతూ పడుతూ బంతి సీనాకు విసిరింది, ముఖం బురదలో, చుట్టూ బూట్ల చప్పుడు, ఎక్కడో పెద్ద కేక, అది తమదో వాళ్ళదో తెలీదు, పక్కనే పడున్న ప్రణీత రొప్పుతూ, పిచ్చా నీకు, చెప్పి మరీ వస్తావా, ఎవరు నేర్పారే, అంటే, మా నాన్న, అంది వర్షిత, మార్చి తర్వాత నాన్న అని పైకి అనడం ఇదే మొదలు, దించేస్తే దించేయనీ, నాన్న నేర్పిన మాటలు ఒకరికి అర్థమయ్యాయి, పోయిందేమీ లేదు.