నిండితేనే కదిలే బండి

నేను ఒక చెక్కపూసల సీటు కవరుని. డ్రైవర్ల నడుము కింద పరుచుకొని బతకడం నా పని. నా పూసలు ఏ ఊరి కొయ్యతో చేశారో తెలియదు. వాటిని నైలాను దారానికి గుచ్చుతూ మధ్యమధ్య దగ్గిన ఒక ఆడమనిషి వేళ్ళు మాత్రం గుర్తున్నాయి. కువైట్‌లో ఒక అంగడి ముందు వేలాడుతుంటే దస్తగిరి నన్ను కొన్నాడు. అతనిది రాయచోటి దగ్గర వంకమీదపల్లె. కువైట్‌లో ఒక ఇంట్లో కారు డ్రైవరు. రోజుకు పద్నాలుగు గంటలు కూర్చొని కూర్చొని నడుము పట్టేసింది.

ఆ దేశంలో తాగే నీళ్ళకంటే పెట్రోలే చవకని డ్రైవర్లు చెప్పుకొనేవాళ్ళు. యజమానురాలు దుకాణాల్లో తిరుగుతుంటే బయట కారు గంటలకొద్దీ ఇంజను ఆపకుండా నిలబడేది. ఆమె వచ్చేసరికి సీటు చల్లగా ఉండాలి కదా. రొట్టెల దుకాణం ఇంటి ఎదురుగానే కనిపించేది కానీ మధ్యలో పెద్ద రోడ్డు. కారులో చుట్టు తిరిగి వెళ్తే నాలుగు కిలోమీటర్లు. ఒకరోజు దస్తగిరి రోడ్డు దాటి నడిచి వెళ్ళి రొట్టె తెచ్చాడు. "నడిచే మనిషే కావాలంటే డ్రైవరెందుకు?" అని ఆమె కోప్పడిందట. ఆ మాట తోటి డ్రైవరుకు చెప్పి అతను చాలాసేపు నవ్వాడు. చవక పెట్రోలు అక్కడివాళ్ళకు నడక మరిపించింది. ఖరీదైన డీజిలు మనుషుల్ని ఇంకోరకంగా కూలబెడుతుందని నాకప్పటికి తెలియదు.

తొమ్మిదేళ్ళకు దస్తగిరి ఊరికి తిరిగొచ్చి పాత డీజిలు ఆటో కొన్నాడు. పెట్టెలోంచి నన్ను తీసి దాని సీటుకు కట్టాడు. అంతకుముందు ఆ ఊరికి రోజుకు రెండుసార్లు బస్సు వచ్చేదట. వయసులో ఉన్నవాళ్ళు మోటారు సైకిళ్ళు కొనుక్కున్నారు, బస్సు ఖాళీ అయింది, ఆగిపోయింది. బండి కొనలేనివాళ్ళకీ, నడపలేనివాళ్ళకీ టౌనుకు పద్దెనిమిది కిలోమీటర్లూ దస్తగిరే దిక్కు.

వాళ్ళలో రామలక్షుమ్మ ఒకతె. శనక్కాయల కూలికి పోయేది, మూత్రపిండాలు చెడిపోయాయి. మంగళవారం, శుక్రవారం ఉదయం తొమ్మిదికల్లా ఆసుపత్రిలో రక్తం కడిగే మిషను దగ్గర ఉండాలి. వైద్యం ఉచితం. అక్కడికి చేరడం మాత్రం ఉచితం కాదు. ఆమె ఎప్పుడూ దస్తగిరి వెనకే కూర్చొని సీటు కడ్డీ పట్టుకొనేది. ఆమె వేళ్ళు నా అంచుకు తగిలేవి.

డీజిలు ధర పెరుగుతూ పోయింది. ఐదుగురు ఎక్కితే కదిలే ఆటో తొమ్మిదిమంది ఎక్కితేగానీ కదలడం మానేసింది. అందరికీ చార్జీ పెంచినా రామలక్షుమ్మ దగ్గర దస్తగిరి పాత చార్జీయే తీసుకొనేవాడు. అది అతని మంచితనం. కానీ ఆమెకు కావలసింది తొమ్మిది గంటలకు చేరడం. రెండుసార్లు పదిన్నరకు చేరితే ఆమె వంతు వేరేవాళ్ళకు పోయింది.

"నలుగురితో పోతే డీజిలుకే చాలదక్కా. నేనేం జేసేది?" అన్నాడు దస్తగిరి.

"నిన్నేమంటి ఇప్పుడు? నీ పిల్లోళ్ళు నీకుండారు."

తర్వాతి శుక్రవారం దిగుతూ ఆమే చెప్పింది. "డాక్టరు ఇంక వారానికి ఒక తూరి చాలన్నాడు దస్తగిరీ. మంగళారం వస్తా. శుక్రారం నాకోసరం చూడొద్దు."

"మంచిదేలే అక్కా," అన్నాడతను. బిగుసుకున్న అతని వీపు నా మీద మెత్తబడింది. నమ్మడం అతనికి సుఖంగా ఉంది, నమ్మాడు.

మాబున్ని అతని భార్య. ఆమె నమ్మలేదు. ఒక సాయంత్రం ఆటో కడుగుతున్న మొగుడి దగ్గరికొచ్చి, "ఆయమ్మ కాళ్ళు చూసినావా? చెప్పులే పట్టడంల్యా," అంది.

"డాక్టరు చెప్పినాడంట."

"డాక్టరు చెప్పింటే కాళ్ళెందుకు వాస్తాయి?"

అతను బకెట్టు నీళ్ళన్నీ ఒకేసారి చక్రం మీద పోశాడు.

ఐదో శుక్రవారం కూడా దాటాక, ఆదివారం మధ్యాహ్నం, రామలక్షుమ్మ తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. ఆమెకు ఊపిరి ఆడటం లేదు. ఇద్దరూ కలిసి ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టారు. దస్తగిరి ఎవరికోసమూ ఆగలేదు. ఆ ఆటో అంత వేగంగా పోవడం నేనెప్పుడూ చూడలేదు.

"బండి... నిండలేదే," అంది ఆమె.

"నువ్వు మాట్లాడొద్దక్కా."

టౌను ఇంకా ఐదు కిలోమీటర్లుందనగా కడ్డీ పట్టుకున్న ఆమె చెయ్యి జారిపోయింది. తమ్ముడు అక్క పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. దస్తగిరి వెనక్కి తిరగలేదు, వేగమూ తగ్గించలేదు. ఆసుపత్రిలో నర్సు కాగితాలు చూసి, "ఐదు శుక్రవారాలు ఎందుకు తీసుకురాలేదు? వారానికి రెండుసార్లు తప్పనిసరి అని ఎన్నిసార్లు చెప్పాం," అని అడిగింది. అక్క పోయిందన్న మాటా, ఈ సంగతీ ఆటో దగ్గరికొచ్చి చెప్పింది తమ్ముడే. అతనికి కోపం కూడా లేదు. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

మరునాటి నుంచి దస్తగిరి ఎనిమిదింటికల్లా ఆటో తీశాడు, ఉన్నది ఇద్దరైనా ముగ్గురైనా. ఎక్కినవాళ్ళు ఆశ్చర్యపోయారు. మాబున్ని మాత్రం ఏడున్నరకే సద్దిమూట కట్టి అందించేది. అలా పదకొండు రోజులు నడిచింది. పన్నెండోరోజు డీజిలు మళ్ళీ పెరిగింది.

ఆ ఉదయం నలుగురు ఎక్కారు. కంటికి పచ్చగుడ్డ కట్టుకున్న ఒక ముసలాయన దస్తగిరి వెనక కూర్చొని కడ్డీ పట్టుకున్నాడు. ఎనిమిది దాటింది, ఎనిమిదిన్నర దాటింది.

"కట్టు ఇప్పేకి తొమ్మిదికే రమ్మన్యారు నాయనా. పోదామా?" అన్నాడు ముసలాయన.

దస్తగిరి తాళం మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉంచి, తీసేశాడు.

"పోదాంలే మామా. ఇంకెవరన్నా వస్తాండారేమో చూస్తాండా."